అరవై ముక్కలు, ముప్పయ్యారు ఎల్ఫులు

జూన్ 8, ఆదివారం

కార్డులాటలో మూడు మ్యాచ్‌లు ఆడాను, మూడూ పోయాయి. మూడోది అయ్యాక ఎదురుగా కూర్చున్న కుర్రాడు నా మొహం చూసి "డెక్ మంచిదే అక్కా" అన్నాడు. డెక్ మంచిదైతే మరి చెడ్డదేమిటో తేల్చుకోవాలి కదా. అందుకే ఈ డైరీ.

ఆట పేరు మ్యాజిక్ ద గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ కనిపెట్టాడు, 1993లో బయటికొచ్చింది. అందులో మేం ఆడే ఫార్మాట్, అంటే ఆడే పద్ధతి, పాపర్. ఎప్పుడో ఒకసారైనా కామన్‌గా, అంటే ప్యాకెట్లలో మామూలుగా దొరికే రకంగా, అచ్చయిన కార్డులే ఇందులో చెల్లుతాయి. చాలాకాలం ఎవరి రూల్స్ వాళ్లవన్నట్టు నడిచి, 2019లో కంపెనీ అందరికీ ఒకే జాబితా పెట్టింది. మాలాంటివాళ్లు దీన్ని పట్టుకోవడానికి అసలు కారణం డబ్బులే. వేరే ఫార్మాట్లలో ఒకటి రెండు ఖరీదైన కార్డులకయ్యే సొమ్ముతో ఇక్కడ డెక్ మొత్తం వచ్చేస్తుంది. నాకు ఆరు వేల లోపే అయింది. డల్లాస్‌లో ఉండే బాబాయ్ కొడుకు పెళ్లికని వచ్చినప్పుడు తెచ్చాడు. వెళ్లేటప్పుడు ఆవకాయ మోసిన సూట్‌కేసే వచ్చేటప్పుడు నా కార్డులు మోసింది.

నాది ఎల్ఫుల డెక్. ఒకే జాతి జీవులతో నింపిన డెక్‌ని ట్రైబల్ అంటారు. కంపెనీ ఈమధ్య ఆ మాట మానేసి టైపల్ అంటోంది గానీ మా టేబుల్ దగ్గర ఎవరూ మార్చుకోలేదు. ఎల్ఫుల్ని ఒక్కొక్కటిగా చూస్తే నవ్వొస్తుంది. చాలావరకు ఒక్క దెబ్బ కొడతాయి, ఒక్క దెబ్బకి చస్తాయి. కానీ ప్రతి ఎల్ఫూ పక్కనున్న ఎల్ఫుల్ని లెక్కపెడుతుంది. ప్రీస్ట్ ఆఫ్ టైటేనియాని ట్యాప్ చేస్తే, అంటే కార్డుని అడ్డంగా తిప్పితే, టేబుల్ మీద ఎన్ని ఎల్ఫులుంటే అంత మనా ఇస్తుంది. మనా అంటే కార్డులు దింపడానికి కట్టే రొక్కం అనుకోండి. టింబర్‌వాచ్ ఎల్ఫ్ అయితే అదే లెక్కన ఇంకొక జీవికి బలం పెంచుతుంది. వెల్‌విషర్ అంతే లెక్కన నాకు లైఫ్ ఇస్తుంది. నేను చేసేది ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. లెక్కపెట్టే డెక్ అంటే నాకు పుట్టినిల్లు అనుకున్నాను.

ఇవాళ్టి ఓటములు ఎక్కువ రాయను. ఎర్ర డెక్ చేతిలో రెండు గేములు, ఒక్కొక్కటీ పది నిమిషాలు. నీలం ఫేరీల చేతిలో రెండు. ఇనప సామాను లాంటి అఫినిటీ డెక్ చేతిలో రెండు, అవి "డెక్ మంచిదే" అన్న కుర్రాడివి. ఆరు గేముల్లోనూ నేను ఒక టర్న్ ఆలస్యం.

జూన్ 14, శనివారం

ఆలస్యం ఎందుకో కాగితం మీద తేలింది. మొదటి టర్న్‌లోనే దిగి, రెండో టర్న్ నుంచి ఒక మనా ఇచ్చే ఎల్ఫులు నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి: లానొవార్ ఎల్వ్స్ నాలుగు, ఫిండ్‌హార్న్ ఎల్వ్స్ నాలుగు. అరవైలో ఎనిమిది ఉంటే, మొదట తీసే ఏడు ముక్కల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 65 శాతం. అంటే ప్రతి మూడు గేముల్లో ఒకటి కుంటుతూ మొదలవుతోంది. అదే పన్నెండు పెడితే 81 శాతం.

కాబట్టి ఎల్విష్ మిస్టిక్ నాలుగు లోపలికి. వాటికి చోటివ్వడానికి ఎల్విష్ వాన్‌గార్డ్ రెండు, వెల్‌విషర్ రెండు బయటికి. వాన్‌గార్డ్‌ని తీయడానికి మనసొప్పలేదు. ఇంకో ఎల్ఫ్ దిగినప్పుడల్లా అది ఒక్కో మెట్టు పెరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది పెరిగే టైముకి నేను చచ్చి ఉంటున్నాను.

ఇప్పటి లెక్క ఇది. మనా ఎల్ఫులు పన్నెండు. క్విరియన్ రేంజర్, బర్చ్‌లోర్ రేంజర్స్, నెటిల్ సెంటినెల్, ప్రీస్ట్, టింబర్‌వాచ్ తలా నాలుగు. వాన్‌గార్డ్ రెండు, వెల్‌విషర్ రెండు. మొత్తం 36 ఎల్ఫులు. లీడ్ ద స్టాంపీడ్ నాలుగు, వైండింగ్ వే నాలుగు, ల్యాండ్ గ్రాంట్ నాలుగు, ఫారెస్టులు, అంటే మనా ఇచ్చే ల్యాండ్ కార్డులు, పన్నెండు. స్టాంపీడ్ పై అయిదు ముక్కలు చూసి అందులోని జీవులన్నిటినీ చేతికిస్తుంది, అరవైలో 36 జీవులు కాబట్టి సగటున మూడు. వైండింగ్ వే నాలుగు ముక్కలు తిప్పుతుంది, సగటున 2.4. ఈ రెండు కార్డుల కోసమైనా జీవుల్ని 36కి తగ్గించకూడదని గీత గీసుకున్నాను.

అసలు మిస్టిక్ కార్డులు నా దగ్గర లేవు. బెంగళూరు నుంచి కొరియర్లో వచ్చేదాకా ఇంట్లో ప్రాక్టీసుకి కలర్ జిరాక్సే గతి. కార్డు కొలత 63 మి.మీ., 88 మి.మీ., ఒక ఏ4 కాగితంలో తొమ్మిది పడతాయి. ఎలాగూ తీయిస్తున్నాను కదా అని ఫారెస్టులు తప్ప 48 కార్డులూ తీయించాను, ఒరిజినల్స్ అరిగిపోకుండా ఉంటాయి. ఆరు కాగితాలు, అరవై రూపాయలు. తార్నాక చౌరస్తాలో జిరాక్స్ అతను "పిల్లల ప్రాజెక్టా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. కాగితం ఒక్కటే స్లీవ్‌లో నిలబడదు, వెనక గట్టిగా ఏదైనా ఉండాలి. నాన్న పాత పేక రెండు కట్టలు దొరికాయి. వెడల్పు కొంచెం తక్కువైనా స్లీవ్‌లో సరిపోయాయి. సాయంత్రం నాన్న అల్మరా అంతా వెతికి "నా జోకర్లు ఏవే?" అన్నాడు. జోకర్ల మీద అప్పటికే ప్రీస్టులు ఎక్కి కూర్చున్నాయి.

జూన్ 22, ఆదివారం

ఒకటి గెలిచాను, రెండు ఓడాను. గెలిచింది కొత్తగా వచ్చిన ఒకాయన మీద, అది లెక్కలోకి రాదు. ఓడినవాటిలో ఒకటి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే దాని గురించి మెట్రోలో హైటెక్ సిటీ నుంచి తార్నాక దాకా తిట్టుకుంటూనే వచ్చాను.

మూడో రౌండ్, రెండో గేమ్, నా మూడో టర్న్. టేబుల్ మీద రెండు ఫారెస్టులు, ఒక లానొవార్, ఒక ప్రీస్ట్, ఒక క్విరియన్ రేంజర్. చేతిలో రెండు స్టాంపీడ్‌లు. రేంజర్ చేసే పని ఏమిటంటే, ఒక ఫారెస్టుని చేతిలోకి వెనక్కి తీసుకుంటే ఒక జీవిని మళ్లీ నిలబెడుతుంది, టర్న్‌కి ఒకసారి. ఫారెస్టులు ట్యాప్ చేశాను, రెండు మనా. లానొవార్ ఒకటి. ఎల్ఫులు ముగ్గురు కాబట్టి ప్రీస్ట్ మూడు. మొత్తం ఆరు. వెంటనే ట్యాపైన ఫారెస్టు చేతిలోకి, ప్రీస్ట్ నిలబడింది, మళ్లీ మూడు. ఫారెస్టు మళ్లీ దింపి ఇంకొకటి. రెండే ల్యాండ్లతో మూడో టర్న్‌కి పది మనా! నాకే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది.

మూడు పెట్టి స్టాంపీడ్ ఆడితే మిస్టిక్, నెటిల్, టింబర్‌వాచ్ వచ్చాయి. వాటికి అయిదు. చేతిలో రెండో స్టాంపీడ్, మిగిలింది రెండు మనా. కావాల్సింది మూడు. అక్కడ ఆగిపోయాను. అవతలి అన్న తన టర్న్‌లో లైట్‌నింగ్ బోల్ట్‌తో ప్రీస్ట్‌ని లేపేశాడు, ఇక నా దగ్గర ఏమీ కదల్లేదు.

తప్పు మొత్తాల్లో లేదు, వరసలో ఉంది. మొదటి ఆరు మనా చేతికి రాగానే స్టాంపీడ్ ఆడి, మిస్టిక్‌నీ నెటిల్‌నీ ముందు దింపి ఉంటే ఒక మనా మిగిలేది, టేబుల్ మీద ఎల్ఫులు అయిదుగురయ్యేవాళ్లు. అప్పుడు రేంజర్‌ని వాడితే ప్రీస్ట్ మూడు కాదు, అయిదు ఇచ్చేది. అయిదూ, మిగిలిన ఒకటీ, ఫారెస్టుది ఒకటీ ఏడు. టింబర్‌వాచ్‌కి మూడు పోయినా నాలుగు. రెండో స్టాంపీడ్ హాయిగా ఆడుకుని ఇంకా ఒకటి మిగిల్చుకునేదాన్ని. అవే కార్డులు, అదే టర్న్. తొందరపడి రెండు మనా నేలపాలు చేశాను. ఆఫీసులో జర్నల్ ఎంట్రీ ఇలా వేస్తే మా సార్ ఫైలు మొహాన కొట్టేవాడు.

జూన్ 29, ఆదివారం

ఆటకి వెళ్లలేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ప్రాక్టీసు. ఎదుట ఎవరూ లేనట్టు ఆడి, ఎన్నో టర్న్‌కి అవతలివాళ్ల 20 లైఫ్ మొత్తం కొట్టగలనో చూడటం. దీన్ని గోల్డ్‌ఫిషింగ్ అంటారు, ఎదురుగా గాజు గిన్నెలో చేప కూర్చుందనుకుని ఆడటమన్నమాట. ముప్పై సార్లు ఆడాను. నాలుగో టర్న్‌కి పదకొండు సార్లు, అయిదో టర్న్‌కి పన్నెండు సార్లు, మిగతావి ఆరు, ఆపైన. నాలుగు సార్లయితే ఎక్కడో మనా లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి.

మనా గుర్తుంచుకోవడమే నా జబ్బు. డైస్ వాడతారు చాలామంది. ఆకుపచ్చ మనాకి ఒక డైస్, తిప్పుకుంటూ పోవడమే. నాకు అది పడలేదు, ఆరు దాటగానే రెండో డైస్, పన్నెండు దాటగానే మూడోది, చెయ్యి తగిలితే దొర్లిపోతుంది. అమ్మ అష్టాచెమ్మా కోసం దాచిన చింతపిక్కల డబ్బా కనబడింది. 40 పిక్కలు లెక్కపెట్టి తీసుకున్నాను. ప్రీస్ట్‌ని ట్యాప్ చేయగానే ఎన్ని ఎల్ఫులో అన్ని పిక్కలు ముందుకి జరుపుతాను. ఖర్చు పెట్టినప్పుడల్లా వెనక్కి. కంటికి కనబడుతుంటే తప్పు రాదు. వేళ్ల కింద నున్నగా తగులుతుంటే తొందర కూడా తగ్గుతుంది, అది మాత్రం అనుకోని లాభం.

అమ్మకి ఇదంతా చూస్తే టెన్షన్. "పేకే కదే ఇది? పోలీసులొస్తే?" అంటుంది. 2017లో రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించాక ఆమెకి ముక్కలంటేనే భయం. ఎంట్రీ 200 రూపాయలని, అందులోనే చాయ్ ఇస్తారని, గెలిచినవాళ్లకి ఇంకో నాలుగు కార్డు ప్యాకెట్లు ఇస్తారని చెప్పాను. "అయితే ముక్కల కోసం ముక్కలాడతారా?" అంది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

జూలై 6, ఆదివారం

ఒక గెలుపు, ఒక ఓటమి, ఒక డ్రా. డ్రా ఎలా వస్తుందని నాన్న అడిగాడు. టైమ్ అయిపోతే వస్తుంది. రౌండ్‌కి 50 నిమిషాలు. గంట కొట్టాక నడుస్తున్న టర్న్ పూర్తి చేసి, ఇంకో అయిదు టర్న్‌లు ఆడాలి, అప్పటికీ తేలకపోతే డ్రా. ఫేరీల డెక్ ఆడే ఆమెతో మొదటి గేమ్ నాది, రెండోది ఆమెది, మూడోదాంట్లో నేను గెలిచే టేబుల్ మీదే గంట మోగింది. ఫేరీలు ఎగురుతూ రోజుకింత అన్నట్టు కొరుకుతాయి, మధ్యమధ్య స్పెల్‌స్టటర్ స్ప్రైట్ దూరి నా కార్డుని దిగనివ్వదు. మామూలుగానే అది పొడుగు మ్యాచ్. దానికి తోడు నా టర్న్‌లు.

ఫోన్‌లో చూసుకుంటే ఒక్కో పెద్ద టర్న్‌కి అయిదారు నిమిషాలు తీసుకుంటున్నాను. అందులో సగం షఫుల్. ల్యాండ్ గ్రాంట్ ఆడిన ప్రతిసారీ డెక్‌లోంచి ఫారెస్టు వెతికి, మళ్లీ కలపాలి. ఈ కార్డుకి ఒక సొగసుంది: చేతిలో ల్యాండ్ లేకపోతే, చెయ్యి మొత్తం అవతలివాళ్లకి చూపించి ఊరికే ఆడుకోవచ్చు. ల్యాండ్ ఉంటే రెండు మనా కట్టాలి. ఇవాళ ఒకసారి రేంజర్ కోసం ఫారెస్టుని చేతిలోకి తీసుకుని, దాన్ని దింపకుండానే గ్రాంట్ ఆడబోయాను. చేతిలో ల్యాండ్ ఉందిగా, ఊరికే రాదు! ఆమె చిన్నగా నవ్వి ఫారెస్టు వైపు చూపించింది.

ఇప్పటి నుంచి గ్రాంట్ వీలైనంతవరకు మొదటి రెండు టర్న్‌లలోనే. అవతలివాళ్ల టర్న్‌లోనే నా వరస ఆలోచించుకోవాలి. ఇంట్లో షఫుల్ కూడా ప్రాక్టీసు చేస్తున్నాను, స్లీవ్‌లు వేసిన అరవై ముక్కలు నా చేతికి పెద్దవే.

జూలై 13, ఆదివారం

సికింద్రాబాద్ బోనాలు. మా పిన్ని వాళ్లింట్లో బోనం, సాయంత్రం దాకా అక్కడే. రాత్రి నాన్నతో కూర్చుని చేతులు తీసి చూపించాను, అంటే మొదటి ఏడు ముక్కలు. ఆట తెలియకపోయినా నాన్నకి చెయ్యి చూడ్డం తెలుసు. రైల్వేలో ముప్పై ఏళ్లు, రిటైరయ్యాక కాలనీలో పందెం లేని రమ్మీ.

ఒక చెయ్యి: ఫారెస్టు ఒకటి, టింబర్‌వాచ్ రెండు, ప్రీస్ట్, వెల్‌విషర్, స్టాంపీడ్ రెండు. "ఇది ఆడతావా?" అన్నాడు. ఆడతాను, అన్నీ మంచి కార్డులే కదా అన్నాను. "మంచి ముక్కలే. మొదటి రెండు ఆటలూ కూర్చుని చూస్తావు" అన్నాడు. రమ్మీలో చెయ్యి బాగోలేకపోతే మొదట్లోనే డ్రాప్ చేస్తే 20. ఒక ముక్క తీసి చూశాక పారేస్తే 40. మొండిగా కూర్చుంటే 80, ఫుల్ కౌంట్. నాన్న జీవితంలో ఫుల్ కౌంట్ తిన్న సందర్భాలు వేళ్ల మీద చెబుతాడు, చెప్పేటప్పుడు ఇప్పటికీ మొహం ఎర్రబడుతుంది.

మా ఆటలో డ్రాప్‌కి సమానమైనది మలిగన్. ఏడూ వెనక్కి కలిపి మళ్లీ ఏడు తీసి, అందులో ఒకటి డెక్ అడుగున పెట్టాలి. రెండోసారైతే రెండు. 2019 నుంచి రూల్ ఇదే. ఒక్క ముక్క నష్టమే, 20 పాయింట్ల లాంటిది. నేను మాత్రం ఈ నెల రోజుల్లో ఒక్కసారి కూడా మలిగన్ తీసుకోలేదని డైరీ వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది. అన్నీ ఫుల్ కౌంట్లే.

కొత్త రూల్ ఒకటి పెట్టుకున్నాను. మొదటి టర్న్‌లో దిగే మనా ఎల్ఫ్ గానీ, రెండో టర్న్‌కి ఖాయంగా ప్రీస్ట్ గానీ లేకపోతే కలిపెయ్యడమే. పన్నెండు మనా ఎల్ఫులున్నాయి, ఆరు ముక్కల్లో కూడా దొరక్కపోదు.

జూలై 20

జీఎస్టీ రిటర్నుల ఆఖరి రోజు. ఆదివారమైనా ఆఫీసులోనే. ముక్కలు ముట్టలేదు.

జూలై 27, ఆదివారం

రెండు గెలుపులు, ఒక ఓటమి. మలిగన్‌లు మూడు తీసుకున్నాను, అందులో రెండు గేములు గెలిచాను. కానీ ఇవాళ్టి కథ అఫినిటీతో. మళ్లీ అదే కుర్రాడు.

మొదటి గేమ్‌లో నాలుగో టర్న్‌కి నా ముందు ఏడుగురు ఎల్ఫులు, అతని దగ్గర నాలుగైదు ఆర్టిఫాక్టు ల్యాండ్లు, అంటే వస్తువులుగా కూడా లెక్కకొచ్చే ల్యాండ్లు, తప్ప పెద్దగా ఏమీ లేదు. చెయ్యి మొత్తం ఖాళీ చేసేశాను. అతను తీరిగ్గా ఒక ఎర్ర మనా పెట్టి క్రార్క్-క్లాన్ షామన్‌ని దింపాడు. ఒక ఆర్టిఫాక్టుని బలిచ్చాడు. ఎగరని ప్రతి జీవికీ ఒక దెబ్బ. ఏడుగురూ పోయారు. కార్డులు ఒక్కొక్కటిగా ఎత్తి గ్రేవ్‌యార్డ్‌లో పెడుతుంటే, చింతపిక్కలు మాత్రం వరసగా అలాగే ఉన్నాయి, పెళ్లివారు వెళ్లిపోయాక మిగిలిన కుర్చీల్లా.

రెండో గేమ్‌కి సైడ్‌బోర్డ్ నుంచి, అంటే గేముల మధ్య మార్చుకోవడానికి పక్కన పెట్టుకునే కార్డుల్లోంచి, స్పైడర్‌సిల్క్ ఆర్మర్ మూడు, మాస్క్డ్ వాండల్ మూడు దింపాను. ఆర్మర్ ఉంటే నా జీవులన్నిటికీ ఓర్పు, అంటే దెబ్బలు తట్టుకునే లెక్క, ఒకటి పెరుగుతుంది, అతను ఒకటి బలిచ్చినా లాభం లేదు, రెండు ఇచ్చుకోవాలి. వాండల్ అన్ని జాతులకీ చెందిన జీవి, కాబట్టి ఎల్ఫ్ కూడా. గ్రేవ్‌యార్డ్‌లో చచ్చిన జీవి ఒకటుంటే దాన్ని ఖర్చు పెట్టి అతని ఆర్టిఫాక్టు ఒకదాన్ని ఆటలోంచే తీసేస్తుంది.

అసలు మార్చింది మాత్రం చేతిని. నలుగురు లేక అయిదుగురు టేబుల్ మీద, ముగ్గురు ఎప్పుడూ చేతిలో. చేతిలో మనా ఉండి, కార్డులుండి దింపకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఈ డెక్ ఆడినవాళ్లకే తెలుస్తుంది. నెల రోజులుగా ఒక్క మనా కూడా వృథా కాకూడదని ప్రాక్టీసు చేసి, ఇప్పుడు కావాలని నాలుగు మనా వదిలేయడం! పిక్కలు వెనక్కి జరుపుతుంటే చెయ్యి రాలేదు. అతను రెండు ఆర్టిఫాక్టులు బలిచ్చి ఊడ్చాడు. టింబర్‌వాచ్‌కి మామూలుగానే ఓర్పు రెండు, ఆర్మర్‌తో మూడు, కాబట్టి అది మిగిలింది. మరుసటి టర్న్‌లో చేతిలో ఉన్న ముగ్గురూ దిగారు. రెండు టర్న్‌ల తర్వాత గేమ్ నాది.

మూడో గేమ్‌లో అతని లైఫ్ 13. నా దగ్గర ఆరుగురు ఎల్ఫులు. నెటిల్‌కి సొంత బలం రెండు. టింబర్‌వాచ్ ఒకసారి ఆరు, రేంజర్‌తో నిలబెట్టి ఇంకోసారి ఆరు. పద్నాలుగు. లెక్క చాలు. కానీ అతని ఎర్ర మనా ఖర్చు కాకుండా ఉంది, నేను బలం పెంచుతుండగా నెటిల్‌ని కాల్చేస్తే మొత్తం గాలికి. రెండు టర్న్‌లు ఊరికే ఉన్నాను. అతను ఆ మనాని కార్డులు తీసుకోవడానికి ఖర్చు పెట్టాడు. అప్పుడు కొట్టాను.

బయట చాయ్ తాగుతుంటే "అక్కా, లిస్ట్ ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగాడు. తీసుకోమన్నాను. ఎంత ఉదారంగానో.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ పదహారు మంది, నాలుగు రౌండ్లు. కొండాపూర్‌లో ఆ కెఫే మేడ మీద ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు. మొదటి మూడు రౌండ్లూ గెలిచాను. ఎర్ర డెక్ అన్న మీద రెండు సున్నాతో, అదీ ఆర్మర్ దింపి, నా జీవులన్నిటికీ ఒక్కో దెబ్బ వేసే అతని ఎలెక్ట్రికరీ కార్డుని పనికిరాకుండా చేసి. జూన్‌లో ఈ మాట ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

నాలుగో రౌండ్ మొదటి టేబుల్. అవతల అదే కుర్రాడు, అతనూ మూడు గెలిచాడు. మొదటి ల్యాండ్ పెట్టాడు: ఫారెస్టు. దాని మీద లానొవార్ ఎల్వ్స్. నేను మొహం ఎత్తి చూశాను. నవ్వాడు. "అరవైకి అరవై మీదే అక్కా."

మొదటి గేమ్ నాది, నాలుగో టర్న్‌లో. రెండోదాంట్లో అయిదు ముక్కలకి దిగి ఓడాను. మూడోది రాస్తాను.

అతని దగ్గర ఊడ్చే కార్డు లేదు. నా లిస్టే కదా, నాకు తెలుసు. కాబట్టి చేతిలో దాచుకోవాల్సిన పని లేదనుకుని ఉన్నవన్నీ దింపేశాను. మూడో టర్న్‌కి నా ముందు ఆరుగురు, ప్రీస్ట్ మాత్రం రాలేదు. అతని ముందు ముగ్గురే: లానొవార్, ప్రీస్ట్, రేంజర్. ఇక నాలుగో టర్న్‌కి నాదే అని లోపల అనేసుకున్నాను కూడా.

అతను ప్రీస్ట్‌ని అడ్డంగా తిప్పి, నా వైపు వేలు చూపిస్తూ మెల్లగా లెక్కపెట్టాడు. "మీవి ఆరు, నావి మూడు. తొమ్మిది. సరేనా అక్కా?"

సరే. ప్రీస్ట్ మీద రాసి ఉండేది "నీ ఎల్ఫులు" అని కాదు, "టేబుల్ మీదున్న ఎల్ఫులు" అని. ఈ డైరీ మొదటి పేజీలో నేనే అలా రాశాను. ఎన్ని వందల సార్లు చదివి ఉంటాను! ఇన్నాళ్లూ అవతలివైపు ఎల్ఫులు లేవు కాబట్టి నా వైపే చూసి లెక్కపెట్టడం చేతికి అలవాటైపోయింది. అతని డైస్ చాల్లేదు. "పిక్కలు కొన్ని ఇస్తారా?" అన్నాడు. డబ్బా మధ్యలో పెట్టాను. స్టాంపీడ్ ఒకటి, ముగ్గురు ఎల్ఫులు, మళ్లీ రేంజర్, ఈసారి ప్రీస్ట్ పన్నెండు ఇచ్చింది. అందులో ఆరు నావే. మరుసటి టర్న్‌లో టింబర్‌వాచ్ ట్యాప్ చేసినప్పుడు కూడా నావాళ్లు వరసగా నిలబడి నన్ను కొట్టే లెక్కలో కలిశారు.

మూడు గెలుపులు, ఒక ఓటమి, రెండో స్థానం, రెండు ప్యాకెట్లు. ప్యాకెట్లలో ఎల్ఫ్ ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెబితే, విషయం మొత్తం అర్థం కాకపోయినా ఒక్క చోట ఆపాడు. "అవతలివాడికి కలిసే ముక్క అని తెలిసి తెలిసి పడేశావా?" అన్నాడు. తెలిసే, నాన్నా. ఆరు పడేశాను.

వచ్చే ఆదివారానికి రాసుకున్నవి: మిర్రర్‌లో, అంటే ఇద్దరిదీ ఒకే డెక్ అయినప్పుడు, ప్రీస్ట్ చేతికి వచ్చేదాకా ముగ్గురికి మించి దింపకూడదు. సైడ్‌బోర్డ్‌లో జీవుల్ని చంపేది ఏదైనా రెండు కార్డులు చూడాలి, ముందు అతని ప్రీస్ట్ పోవాలి. లిస్ట్ ఎవరైనా అడిగితే ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

పడుకునే ముందు పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేశాను. 40 ఉండాలి. 37 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను, 37. మూడు అతని స్లీవ్‌ల పెట్టెలో ఉండి ఉంటాయి.